ఎడమ భుజం మీద రెండు మిల్లీమీటర్లు

అత్త ఫోన్ చేస్తే ముందు తిడుతుంది, తర్వాత బాగున్నావా అని అడుగుతుంది. ఆ రోజు రెండూ చెయ్యలేదు.

"ఏమేవ్ పిచ్చుకా, ఈ మెషిన్ నాలా కోస్తోందే!" అంది.

"మంచిదేగా అత్తా. నీ అంత బాగా కోసే మెషిన్ దొరకడం మాటలా?"

"నీ మొహం. నా అంత బాగా అన్నానా? నాలా అన్నాను. వచ్చి చూడు."

పిచ్చుక అసలు పేరు ఇంట్లోవాళ్ళకి కూడా అప్పుడప్పుడే గుర్తొస్తుంది. చిన్నప్పుడు అత్త కటింగ్ టేబుల్ కింద దూరి, పడ్డ గుడ్డముక్కలన్నీ ఏరుకుంటూ కూచునేది గనక ఆ పేరు పడింది, ముప్ఫై ఒకటి వచ్చినా ఊడలేదు. ఇప్పుడు ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. సగం తాగిన టీ అక్కడే వదిలేసి, సెలవు చీటీ కూడా నడుస్తూనే ఫోన్లో కొట్టేసి, అరగంటలో అత్త కుట్టు షాపు మెట్లెక్కేసింది.

మేడ మీద పొడుగాటి గది అది. నాలుగు కుట్టు మిషన్లు, రెండు కిటికీలు, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన అట్ట నమూనాలు, మధ్యలో ముప్ఫై ఏళ్ళుగా అత్త మోచేతులు ఆని నున్నబడ్డ కటింగ్ టేబుల్. దాని పక్కన కొత్తగా వచ్చిన కటింగ్ మెషిన్. కొలతలు నొక్కితే బల్ల మీద గుడ్డని దానంతటదే కోసేస్తుంది. అత్త సరదాకి కొనలేదు దాన్ని. ఎడమ మణికట్టు వాచి వాచి, ఇక రోజుకి గంటకి మించి కత్తెర పట్టుకుంటే ఆ చెయ్యి నీకు మిగలదమ్మా అని డాక్టరు చెప్పేసింది.

అసలు గొడవేమిటంటే, వెన్నెముక ఆసుపత్రివాళ్ళు నలభై జాకెట్లు కావాలన్నారు. వేసుకునేవాళ్ళందరికీ ఒక భుజం కిందికి జారి ఉంటుంది. ఒకరికి ఎడమది, ఒకరికి కుడిది, ఎవరి కొలత వాళ్ళదే. బజారులో కొన్న బట్ట వాళ్ళ ఒంటి మీద నిలవదు. అత్త మాటిచ్చేసింది. తీరా చూస్తే మెషిన్లో భుజం కొలతకి ఒకటే గడి ఉంది. కంపెనీకి ఉత్తరం రాస్తే, మా మెషిన్‌లో ఎడమ, కుడి వేరువేరుగా రావు, ఆ సదుపాయం ఆలోచనలో లేదు అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. జాకెట్లివ్వడానికి గడువు ఇంకా ఆరు వారాలు. మెషిన్ కోయకపోతే అత్తే కోస్తుంది. నలభై జాకెట్లు, ఆ మణికట్టుతో.

"ఇటు చూడు," అంది అత్త. మెషిన్ కోసిన రెండు చేతుల ముక్కల్ని, ఎడమదాన్ని తిరగేసి కుడిదాని మీద పరిచింది. అంచులన్నీ అచ్చుగుద్దినట్టు కలిశాయి, ఒక్క భుజం వంపు దగ్గర తప్ప. అక్కడ ఎడమ ముక్క వెంట్రుకంత బయటికొచ్చింది.

పిచ్చుక స్కేలు పెట్టింది. రెండు మిల్లీమీటర్లు.

స్కేలు చేత్తోనే పట్టుకుని అత్త వైపు తిరిగింది.

"అత్తా, ఇది నువ్వే!"

"అదేగా పొద్దున్నించీ మొత్తుకుంటున్నాను!"

పన్నెండేళ్ళ కిందట, కాలేజీ సెలవుల్లో, పిచ్చుక ఇదే టేబుల్ దగ్గర కూచుని అత్త గుడ్డ మీద సుద్దతో గీసిన ప్రతి గీతనీ కొలిచి, మనిషి కొలతలిస్తే చొక్కా ముక్కలు గీసిచ్చే చిన్న ప్రోగ్రాము రాసింది. అత్త ఎప్పుడూ ఎడమ భుజం గీతకి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలేది. ఎందుకో పిచ్చుకకి తెలియదు. తెలియకుండానే ప్రోగ్రాములో రాసేసి, పక్కన తనకోసం ఒక కామెంట్ పెట్టుకుంది: 'ఎడమ వైపు ఈ రెండు ఎందుకు? అత్తని అడగాలి.' అడగలేదు. పరీక్షలొచ్చాయి, ఉద్యోగం వచ్చింది. ప్రోగ్రామునేమో ఎవరైనా ఉచితంగా వాడుకోండని నెట్‌లో పెట్టేసింది. ఒకే ఒక్క షరతు. దీన్ని మీ ప్రోగ్రాములో కలిపి ఇంకొకరికి ఇస్తే, కలిపిన ఆ మొత్తం ప్రోగ్రాము సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చుకోగలిగే రూపం, వాళ్ళకీ ఇవ్వాలి.

"అంటే, ఈ మెషిన్ కొన్నావు గనక ఆ కోడ్ అడిగే హక్కు నీకుంది. అది నా చేతికొస్తే ఎడమ, కుడి వేరు చెయ్యడం రెండు రోజుల పని!" పిచ్చుక అప్పటికే గదిలో అటూ ఇటూ తిరిగేస్తోంది. "ఇంతకీ ఆ రెండు మిల్లీమీటర్లూ ఎందుకత్తా?"

అత్త ఎడమచేత్తో కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పుడు చెప్పను. నీకు చెబితే మీ బావకి చెబుతావు, వాడికి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. ముందు వాళ్ళని చెప్పమను. వాళ్ళేగా కోస్తున్నారు!"

బావ అంటే అత్త కొడుకు, లాయరు. అద్దె ఇళ్ళ తగాదాలు తప్ప ఇంకో కేసు మొహం చూడలేదు. పిచ్చుక వెళ్ళి చెప్పగానే కుర్చీలో ముందుకి వాలి, "మరదలా, ఇది గోడలు లేని ఇల్లు, అంతేగా? నీ గదిని వాళ్ళ మేడలో కలిపేసి మేడంతా మాదే అంటున్నారు," అన్నాడు.

"అన్నిటికీ ఇల్లేనా బావా?"

"నాకు తెలిసింది అదే. మిగతాది నువ్వు నేర్పు."

నేర్పింది. నాలుగు రోజులు సాయంత్రాలు కూచోబెట్టి నేర్పింది. మనం రాసేది సోర్స్ కోడ్, దాన్ని కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాము యంత్రం నడిపే అంకెలుగా మార్చేస్తుంది, దాన్నే కంపైల్ చెయ్యడం అంటారు, అప్పుడు మనం పెట్టిన పేర్లు పోతాయి, కామెంట్లు పోతాయి, మనిషికి అర్థమయ్యేవి దాదాపు అన్నీ పోతాయి. బావ నోట్సు రాసుకున్నాడు. మెషిన్‌తో ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఆ అంకెల ఫైలే. పిచ్చుక దాన్ని తెరిచి, పేర్లు పోయినా పోనివి ఏముంటాయా అని వెతికింది. మూడో రోజు దొరికింది. దొరగ్గానే లేచి గెంతింది, తర్వాత కొంచెం భయపడింది. కంపెనీకి కాదు, అత్తకి. ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అప్పట్లో ఒక మనిషి కొలతలు, మొత్తం నలభై ఒక్క అంకెలు, అందులోనే పెట్టింది. ఆ మనిషి అత్త.

"నా నడుం కొలత," అంది అత్త, చాలా నెమ్మదిగా, "వాళ్ళు అమ్మిన ప్రతి మెషిన్‌లోనూ ఉందా?"

"ఉందత్తా. కానీ ఎవరికీ కనపడదు."

"నీకు కనపడిందిగా!"

కోర్టుకెక్కే ముందు మాట్లాడుకుందామని కంపెనీవాళ్ళే ఒప్పుకున్నారు. రిటైరైన జడ్జి ఒకావిడ మధ్యవర్తి. కంపెనీ మేడ తొమ్మిదో అంతస్తు, గాజు గోడల గది, నీళ్ళ సీసాలు వరసగా. అటువైపు కంపెనీ లాయరు, పక్కన చీఫ్ ఇంజనీరు. ఇటువైపు అత్త, బావ, పిచ్చుక. అత్త మెడలో టేపు తీయడం మర్చిపోయింది. ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటుంది అది.

కంపెనీ లాయరు నవ్వుతూ మొదలుపెట్టాడు. "మేడమ్, మా ఫైలు మొత్తం చూడండి. ఈ అమ్మాయి రాసిన వాక్యం ఒక్కటి కూడా లేదు. అన్నీ సున్నాలు, ఒకట్లు. సున్నా మీద ఎవరికండీ హక్కు?"

బావ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఇల్లంటాడేమో అనుకుంది పిచ్చుక. అనలేదు. "మేడమ్, ఆవిడ రాసినదాన్ని యంత్రం మార్చింది. ఆ మార్చడంలో ఎవరూ కొత్తగా ఏమీ రాయలేదు. రూపం మారింది, రాసిన మనిషి మారలేదు. కంపైల్ చేసిన ఫైలు కూడా ఆ రచనకి నకలే."

"పుస్తకాన్ని బ్రెయిలీలో అచ్చేస్తే రచయిత మారతాడా అంటావు," అంది మధ్యవర్తి.

"అదే మేడమ్! అంతే!" బావ ఆ మాట గబగబా రాసేసుకున్నాడు.

"సరే, మావాళ్ళు నకలు తీశారని రుజువేది?" కంపెనీ లాయరు తగ్గలేదు. "రెండు మిల్లీమీటర్లంటారు. చొక్కా ఎలా కొయ్యాలి అన్న పద్ధతి మీద ఎవరికీ హక్కుండదు. చట్టం రాతని కాపాడుతుంది, ఆలోచనని కాదు."

"నిజమే," అంది పిచ్చుక.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. బావ బల్ల కింద కాలితో తన్నాడు.

"నిజమే కదా బావా, తన్నకు. రెండు మిల్లీమీటర్లు నావి కావు. వీళ్ళు సొంతంగా కూచుని ఇంకో ప్రోగ్రాము రాసుకుని, అందులో పది మిల్లీమీటర్లు పెట్టుకున్నా నేను నోరెత్తను. మేము చెప్పేది, వీళ్ళు అలా సొంతంగా రాసుకోలేదని. ఆ రెండూ ఎక్కణ్ణించి వచ్చాయో అడగండి, చాలు."

మధ్యవర్తి చీఫ్ ఇంజనీరు వైపు చూసింది. "ఎందుకండీ, ఎడమ వైపు ఎక్కువ?"

"అది... అది మా డిజైన్లో భాగమండీ. కదలడానికి వీలుగా."

"ఎడమచెయ్యి ఒక్కటే కదులుతుందా బాబూ?" అంది అత్త. "కుడిది జేబులోనే ఉంటుందా?"

అత్త అక్కడితో ఆగలేదు. "ఇంకోటి. ఎడమ, కుడి వేరుగా రావని నాకు ఉత్తరం రాశారు. సంతకం మీదేగా? వస్తున్నాయిగా మరి, రెండు మిల్లీమీటర్ల తేడాతో!"

మధ్యవర్తి నవ్వు దాచుకోవడానికి కాగితాలు సర్దుకుంది. "ఆ అంకెల సంగతి చూద్దాం. మీ కాగితంలో నలభై ఒకటి అన్నారు."

పిచ్చుక రెండు కాగితాలు ముందు పెట్టింది. ఒకటి పన్నెండేళ్ళ కిందట తను నెట్‌లో పెట్టిన పట్టిక, రెండోది మెషిన్ ఫైలు లోపల దొరికింది. అవే అంకెలు, అదే వరస.

"అవి మామూలు సైజు కొలతలు మేడమ్," అన్నాడు ఇంజనీరు, ఈసారి ధైర్యంగా. "ఏ పట్టికలో చూసినా దాదాపు అలాగే ఉంటాయి."

"మామూలు కాదు, మా అమ్మ," అన్నాడు బావ. "కావాలంటే ఇప్పుడే కొలవండి. టేపు కూడా ఉంది."

అత్త కొడుకు వైపు చూసిన చూపుకి గాజు గోడలు పగలాల్సింది. "ఒరేయ్, పన్నెండేళ్ళ కిందటి నడుం అది! ఇప్పుడు కొలిస్తే కేసు ఓడిపోతాం!"

కంపెనీ లాయరుతో సహా అందరూ నవ్వేశారు. నవ్వు ఇంకా ఆగకముందే పిచ్చుక లేచి నిలబడింది. ఇంజనీరు అన్న ఆ 'మామూలు సైజు' మాట కోసమే నాలుగు రోజులుగా కాచుకుని ఉంది తను.

"నడుం మారుతుంది. ఎముక మారదు. పదిహేడో అంకె చూడండి, కుడిచెయ్యి పొడుగు యాభై నాలుగున్నర సెంటీమీటర్లు. పద్దెనిమిదోది ఎడమచెయ్యి, యాభై ఆరు. ఏ సైజు పట్టికలోనైనా రెండు చేతులకి రెండు కొలతలు ఉంటాయా అండీ? అత్తకి ఏడేళ్ళప్పుడు కుడి మోచెయ్యి విరిగి సరిగ్గా అతకలేదు. మేడమ్, మీరే కొలవండి."

మధ్యవర్తి నిజంగానే లేచింది. అత్త మెడలోంచి టేపు తీసిచ్చి, భుజం ఎముక ఎక్కడుందో, ఎక్కణ్ణించి పట్టుకోవాలో తనే చెప్పింది. "అలా కాదమ్మా, వదులుగా. ఆ, మణికట్టు గుబ్బ దాకా." కుడి, యాభై నాలుగున్నర. ఎడమ, యాభై ఆరు.

మధ్యవర్తి టేపు చుట్టి అత్త చేతిలో పెట్టి, తన కుర్చీలో కూచుని, కంపెనీ లాయరు వైపు చూసింది.

అతను ఇంజనీరు చెవిలో ఏదో అడిగాడు. ఇంజనీరు నేల చూశాడు. లాయరు మళ్ళీ ఇటు తిరిగాడు, పాపం పనివాడే, వెంటనే తేరుకున్నాడు. "సరే. ఒక మూలన చిన్న ముక్క ఉందే అనుకుందాం. దానికోసం మా ఉత్పత్తి మొత్తం విప్పి చూపించమనడం న్యాయమా? మిగతాదంతా మాది. రెండూ పక్కపక్కన ఉన్నాయి, అంతే."

"పక్కపక్కన ఉన్నాయా, కలిసున్నాయా?" అంది అత్త.

"తేడా ఏముందమ్మా?"

"ఏముందా? ఒకే హ్యాంగర్‌కి నా కోటు, నీ కోటు తగిలించారనుకో. పక్కపక్కనున్నాయి. నాది నేను తీసుకుంటా, నీది నువ్వు తొడుక్కుని పోతావు. అదే నా గుడ్డని నీ కోటుకి లైనింగ్‌గా వేసి కుట్టేశావనుకో, అది ఒకటే కోటు. కుట్లు విప్పందే నాది నాకు రాదు, విప్పితే నీకు కోటుండదు. ఇప్పుడు చెప్పు, నువ్వు కుట్టావా, తగిలించావా?"

"ఆ ప్రశ్న మీద మీ లాయర్లు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు కదండీ," అంది మధ్యవర్తి బావతో. "ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు."

పిచ్చుక ముందుకి వంగింది. "మేడమ్, ఈ మెషిన్‌లో రెండు ప్రోగ్రాములున్నాయి. ముక్కలు గీసేది ఒకటి, కత్తిని కదిపే మోటారుది ఇంకోటి. మోటారుది విడిగా నడుస్తుంది, గీతల ఫైలు ఇస్తే తీసుకుంటుంది, అంతే. అది హ్యాంగర్ మీది పక్క కోటు. అది వీళ్ళది, నాకొద్దు. గీసేదాంట్లో మాత్రం నా కోడ్‌ని లోపల కలిపేసి ఒకటే ఫైలుగా కంపైల్ చేశారు. నాది తీస్తే అది ఒక్క గీత కూడా గియ్యలేదు. అది లైనింగ్."

మోటారుది వద్దనగానే ఇంజనీరు తలెత్తాడు. వాళ్ళ భయమంతా దాని మీదేనని పిచ్చుకకి ముందే తెలుసు. భయపెట్టడం కాదు తనకి కావలసింది.

"తీసేస్తాం అయితే," అన్నాడు కంపెనీ లాయరు. "రెండు నెలల్లో మావాళ్ళే కొత్తగా రాసుకుంటారు. మీ ముక్క మీకే."

రెండు నెలలు! అత్తకి మిగిలింది ఐదు వారాలు. కోడ్ ఇవ్వమని బలవంతం చెయ్యలేకపోవచ్చని బావ ముందే హెచ్చరించాడు, ఏ కోర్టయినా వాడకం ఆపమంటుంది గానీ తాళాలు మీ చేతిలో పెట్టించకపోవచ్చని. ఆమె బావ వైపు చూసింది.

బావ తాపీగా పెన్ను మూత పెట్టాడు. ఇలాంటి ఘడియ కోసమే అద్దె కేసులన్నీ వాదించాడేమో అన్నట్టున్నాడు. "శుభ్రంగా రాసుకోండి. అది రేపటి మెషిన్ల సంగతి. ఇప్పటిదాకా అమ్మినవాటి మాటేమిటి? షరతు పాటించనప్పుడు మీకు అనుమతే లేదు. అనుమతి లేని నకలు ఒక్కో షాపులో ఒక్కోటి కూచుని ఉంది. అన్నిటినీ వెనక్కి పిలిపించుకుంటారా? లేదా షరతు ఒప్పుకుని, కొన్నవాళ్ళకి గీసే ప్రోగ్రాము కోడ్ ఇచ్చి, ఇవాళ్టి నించీ అనుమతి ఉన్నవాళ్ళుగా ఉంటారా? మా మరదలు అడిగేది రెండోదే. ఇంకేమీ అడగదు. నేను ఎంత చెప్పినా అడగదు."

కంపెనీవాళ్ళు పక్క గదిలోకి వెళ్ళారు. గాజు గోడ కదా, అంతా కనపడుతోంది. లాయరు చేతులు తిప్పుతున్నాడు, ఇంజనీరు తలూపుతున్నాడు. ఈలోపు అత్త మధ్యవర్తి కోటు అంచు పట్టుకుని చూసి, "ఎవరు కుట్టారమ్మా ఇది, కాలరు లాగేస్తోంది, ఒకసారి పంపించండి," అంది. "కేసు అయ్యాక మాట్లాడుకుందాం," అందావిడ కోటు వెనక్కి లాక్కుంటూ.

ఇరవై నిమిషాల తర్వాత వచ్చి సంతకం పెట్టారు. అత్త ఎడమచేత్తో పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టింది.

ఎనిమిదో రోజు కోడ్ వచ్చింది. పిచ్చుక లాప్‌టాప్ పట్టుకుని సరాసరి షాపుకే వచ్చి, కటింగ్ టేబుల్ మీద గుడ్డలు పక్కకి తోసి తెరిచింది. తన ప్రోగ్రాము ముక్క చెక్కుచెదరకుండా ఉంది, పంతొమ్మిదేళ్ళ తన చేతిరాతని చూస్తున్నట్టే ఉంది. కంపైల్ చేసినప్పుడు పోయే కామెంట్లు కూడా ఇక్కడ ఉన్నాయి. 'ఎడమ వైపు ఈ రెండు ఎందుకు? అత్తని అడగాలి.' దాని కింద ఇంకెవరో రాశారు. కంపెనీ మనిషి, పేరు లేదు.

'ఎందుకో మాకూ తెలియదు. దయచేసి ముట్టుకోవద్దు.'

పిచ్చుక పగలబడి నవ్వి, అత్తకి చదివి వినిపించింది. అత్త ఎంత నవ్విందంటే కుట్టు మిషన్లవాళ్ళు నలుగురూ ఆపేసి ఇటే చూశారు.

"ఇప్పుడైనా చెప్పు. గెలిచాంగా!"

అత్త డ్రాయర్లోంచి తన పాత కత్తెర తీసి పిచ్చుక ఎడమచేతిలో పెట్టింది. "కొయ్యి."

పిచ్చుక ఒక పాత ముక్క మీద సుద్దతో ఎడమ భుజం వంపు గీసి కోయబోయింది. కత్తెర పలక సరిగ్గా గీత మీదకే వచ్చి దాన్ని కప్పేసింది. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా కోత గీత దాటి లోపలికే జారింది. స్కేలు పెట్టకుండానే తెలిసిపోయింది ఎంత జారిందో.

"కుడిచేతివాళ్ళ కత్తెర అది," అంది అత్త. "నేను నేర్చుకునే రోజుల్లో ఎడమచేతివాళ్ళకి వేరే ఉంటుందనే తెలియదు. రెండు ముక్కలూ మడతపెట్టి ఒకేసారి కొయ్యడం నాకు నచ్చదు, విడివిడిగా కోస్తాను. కుడి ముక్క వంపు ఇటు తిరిగి ఉంటుంది, గీత కనపడుతుంది, ఎడమదాని వంపు అటు తిరిగి ఉంటుంది, గీత పలక కిందికి పోతుంది. అందుకని లోపలికి జారేదేదో ముందే గీతలో బయటికి వదిలేదాన్ని. అలవాటైపోయింది. అంతే, పెద్ద బ్రహ్మరహస్యమేమీ కాదు."

"మెషిన్‌కి చెయ్యే లేదు కదత్తా, దానికెందుకు మరి?"

"నువ్వు రాసి, నన్నే అడుగుతావేం? తీసెయ్యి."

పిచ్చుక ఆ రెండూ తీసేసింది. ఏమీ విరగలేదు. కామెంట్ మాత్రం తీయలేదు, రెండు వాక్యాల కిందా మూడోది చేర్చింది: 'అడిగాను. అది కత్తెర తప్పు. ఇక ముట్టుకోవచ్చు.' తర్వాత భుజం గడిని రెండు చేసి, కొత్త ప్రోగ్రాముని మెషిన్‌లో ఎక్కించి, మార్చిన కోడ్‌ని అదే షరతుతో మళ్ళీ అందరికీ నెట్‌లో పెట్టేసింది. అన్నీ కలిపి ఒకటిన్నర రోజు.

గురువారం పొద్దున అత్త ఆసుపత్రి జాబితాలో మొదటి పేరు తీసింది. కళ్ళజోడు సర్దుకుని, ఎడమ గడిలో ఒక అంకె, కుడి గడిలో ఇంకో అంకె, ఒక్కో వేలితో నొక్కింది. బల్ల మీద నీలం గుడ్డ పరిచి, మణికట్టుకి పట్టీ బిగించుకుని, కత్తెరని డ్రాయర్లో పెట్టి మూసేసింది.

మెషిన్ కదిలింది. అత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కొత్తగా పనిలో చేరినవాళ్ళని చూసినట్టు, దాన్ని పై నించి కింది దాకా చూసింది.

"ఆ, అలాగే," అంది. "తొందరేం లేదు. ఇంకా ముప్ఫై తొమ్మిది ఉన్నాయి నీకు."